పెద్దబండి జమాఖర్చులు

సొంతమునకు కారు కొనదలచిన గృహస్థుని నేడు మొట్టమొదట వేధించు ప్రశ్న ఏ కంపెనీది కొనవలెననునది కాదు, ఎంత పెద్దది కొనవలెననునది. ఒక తరము వెనుక మారుతి 800 వాకిట నిలిచినచో మహద్భాగ్యమని యెంచిన కుటుంబముల సంతతియే నేడు, హైదరాబాదున నున్నను అమెరికాలోని డాలస్ నగరమున నున్నను, చక్రములమీద ఎత్తుగా లేచి, వెడల్పాటి ముఖముతో ముందరి వాహనమును అదలించునట్లు నిలుచు ఎస్‌యూవీ లేనిదే ప్రయాణము ప్రయాణము గాదని తలచుచున్నది. 2023వ సంవత్సరమున ప్రపంచమందు అమ్ముడైన కార్లలో నూటికి 48 ఈ జాతివేనని అంతర్జాతీయ ఇంధనసంస్థ లెక్కకట్టెను. మన దేశమున 2023-24 ఆర్థికసంవత్సరములో అమ్ముడైన ప్రయాణికవాహనములలో ఎస్‌యూవీలు చేరియున్న యుటిలిటీ వాహనములు నూటికి సుమారు 60. ఇక అమెరికాలోనో, ఫోర్డ్ కంపెనీ 2018లోనే ఒక్క మస్టాంగును మినహాయించి తక్కిన మామూలు కార్లను ఆ దేశమున క్రమముగా విరమించుకొనుచున్నామని ప్రకటించి, పికప్ ట్రక్కులనే, ఎస్‌యూవీలనే నమ్ముకొన్నది.

ఈ పెద్దబండి స్వేచ్ఛకు చిహ్నమని కొందరును, స్వార్థమునకు విగ్రహమని కొందరును వాదించుచుండగా, ఇరుపక్షముల వారును గమనింపని విషయమొకటి కలదు. ఈ వాహనమువలన కలుగు సుఖమంతయు దాని తలుపులకు లోపలనే యున్నది, నష్టములో అధికభాగము తలుపులకు వెలుపల నున్నది. జమ ఒకరి ఖాతాలోను ఖర్చు మరియొకరి ఖాతాలోను పడుచుండుటచేత, కొనువాడెంత నిజాయితీతో లెక్క చూచుకొన్నను అది సగము లెక్కయే యగుచున్నది. ఆ రెండు ఖాతాలను ఒక్కచోట చేర్చి చూచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ వాహనములు పుట్టినది శ్రమజీవుల యింటను, సైన్యశిబిరమునను. 1925లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టి కారునకు కర్మాగారములోనే వెనుక తొట్టి నమర్చి రైతులకును వడ్రంగులకును అమ్మనారంభించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యము కొరకు పుట్టిన విల్లీస్ జీపును 1940వ దశకము చివర మహీంద్రా సంస్థ బొంబాయిలో కూర్చి మన దేశమున ప్రవేశపెట్టెను. నాటినుండి మన పల్లెలకు జీపు అనగా సర్కారే. తాసిల్దారుగారు వచ్చినను, అటవీశాఖవారు వచ్చినను, ఎన్నికల పెట్టెలు వచ్చినను జీపు రేపిన దుమ్ములోనుండియే రావలెను. తరువాత 1994లో టాటా సుమో, 2000లో బొలెరో, 2002లో స్కార్పియో వచ్చి ఆ సర్కారీ గాంభీర్యమును ప్రైవేటు వ్యక్తులకు అందుబాటు చేసినవి. రాయలసీమ కక్షలను ఇతివృత్తముగా గైకొన్న మన చలనచిత్రములలో సుమోలు బారులుదీరి వచ్చుటయు, నాయకుని ప్రతాపమునకు అవి గాలిలో పల్టీలు గొట్టుటయు ఎరుగనివారెవరు? వాటిని గాలిలోకి లేపినవాని కంటె, వాటిలో కూర్చుండి వచ్చినవానినే మన గ్రామనాయకులు ఆదర్శముగా గ్రహించిరేమోయని ఒక్కొక్కప్పుడు తోచుచుండును.

జమను ముందు న్యాయముగా వ్రాయుదము. టెక్సాసు పశుపాలకునకు పికప్ ట్రక్కు అలంకారము కాదు. గడ్డిమోపులు, కంచెగుంజలు, నీటిపీపాలు మోయుటకును, పశువుల నెక్కించిన ట్రెయిలరును లాగుటకును అది లేనిదే దినము గడువదు. ఫోర్డ్ ఎఫ్-150లో కొన్ని రకములు ఐదు టన్నులకు పైబడిన బరువును లాగగలవు. మన మదనపల్లె విపణికి టమాటా పెట్టెలు చేర్చు రైతునకు బొలెరో పికప్పు అట్టిదే. పాడేరు, అరకు ప్రాంతముల ఘాట్‌రోడ్లమీదను, వానకు కోసుకొనిపోయిన మట్టిదారులమీదను, లెక్కకు మించిన స్పీడ్ బ్రేకర్లమీదను అడుగుభాగము తగులని ఎత్తైన బండి విలువ దానిని నడపినవాడే ఎరుగును. ఇంటిల్లిపాదియు తిరుమలకు పోవలెనన్నచో ఏడుగురు కూర్చుండు ఇన్నోవా ఒక్కటి చాలును, రెండు చిన్నకార్లు బయలుదేరనక్కరలేదు. ఎత్తున కూర్చున్నవానికి దూరపు దారి కనబడును, నడుము నొప్పిగలవానికి వంగి దిగవలసిన బాధ తప్పును. ఇవి నిజమైన ప్రయోజనములే. వీనిని వెక్కిరించు నగరవాసి ఒక్క వర్షఋతువు పల్లెలో నివసించి పిమ్మట మాటలాడుట మేలు.

అయితే జమలో వ్రాయుచున్న వానిలో కొన్ని పరీక్షకు నిలువవు. నాలుగు చక్రములకును శక్తి నందించు ఏర్పాటు మంచులోను బురదలోను బండి కదలుటకు తోడ్పడునేగాని ఆగుటకు తోడ్పడదు. బ్రేకు వేసినప్పుడు ఏ కారైనను నాలుగు చక్రములమీదనే ఆగవలెను. వరదనీటి విషయమును ఇట్టిదే. అడుగు లోతున వడిగా పారు నీరు చిన్నకారును తేల్చివేయగా, రెండడుగుల నీరు ఎస్‌యూవీలను సహితము కొట్టుకొనిపోవునని అమెరికా వాతావరణశాఖ హెచ్చరించుచున్నది. వానాకాలమున పొంగిన వాగును దాటబోయి కార్లు కొట్టుకొనిపోయిన వార్తలు మన పత్రికలలో ఏటేట వచ్చుచునే యున్నవి. ఎత్తైన బండి ఇచ్చు ధైర్యము దాని బలమునకు మించినది. కుటుంబావసరము మాట చెప్పవలెనన్నచో, అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఇంటినుండి తల్లిదండ్రులు వచ్చి ఆరునెలలుండునప్పుడు, వెనుకసీటున పసిపిల్లల కుర్చీలు రెండు బిగించియుండగా, మూడవ వరుస సీట్లు అవసరమే. కాని ఆ అవసరమును ఎస్‌యూవీ కంటె మినీవ్యాను చక్కగా తీర్చును. నేల తక్కువ ఎత్తున నుండును, తలుపు ప్రక్కకు జరుగును, మోకాళ్ల నొప్పులుగల అమ్మగారు చేయి పట్టుకొననక్కరలేకయే ఎక్కి కూర్చుండగలరు. అందు లోపమొక్కటే, అది చూపునకు దర్జాగా ఉండదు.

అమెరికాలో ఈ జాతి ఇంతగా వృద్ధినొందుట కేవలము జనుల అభిరుచివలన జరిగినదనుకొనుట పొరపాటు. అందు శాసనముల పాత్ర మిక్కిలి పెద్దది, మిక్కిలి విచిత్రమైనది. 1960వ దశకారంభమున ఐరోపాదేశములు అమెరికా కోడిమాంసముపై సుంకములు పెంచగా, ప్రతీకారముగా అధ్యక్షుడు జాన్సన్ 1964 జనవరినుండి బంగాళాదుంపల పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీలతోపాటు తేలికపాటి ట్రక్కుల దిగుమతిపై 25 శాతము సుంకము విధించెను. కోళ్లకలహము ఏనాడో ముగిసినను, ట్రక్కులమీది సుంకము మాత్రము తొలగక నిలిచి, విదేశీపోటీ సోకని రక్షితక్షేత్రమును దేశీయ కంపెనీలకు ప్రసాదించినది. 1973 నాటి చమురుసంక్షోభము పిమ్మట 1975లో ఇంధనపొదుపు శాసనము చేసినప్పుడు కార్లకొక ప్రమాణమును, రైతుల బండ్లను కష్టపెట్టరాదని ట్రక్కులకు మరియొక తేలికప్రమాణమును నిర్ణయించిరి. 1990వ దశకపు ద్వితీయార్ధమున కార్లు గ్యాలనుకు సగటున 27.5 మైళ్లు నడువవలసియుండగా ట్రక్కులు 20.7 మైళ్లు నడిచినను చాలును. అంతట కంపెనీలు చేసినదేమనగా, ట్రక్కుచట్రముమీద కుటుంబకారు దేహమును నిలిపి, దానికి మెత్తటి సీట్లమర్చి, శాసనముదృష్టిలో ట్రక్కుగాను కొనువారిదృష్టిలో కారుగాను అమ్మినవి. ఇది చాలదన్నట్లు, ఆరువేల పౌండ్లు మించిన మొత్తపు బరువుగల వాహనమును వ్యాపారము నిమిత్తము కొన్నవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు నిచ్చు నిబంధన యొకటి కలదు. 2003లో ఆ పరిమితిని లక్ష డాలర్లవరకు పెంచగా, వైద్యులును న్యాయవాదులును సహితము తమ వృత్తికి భారీవాహనము ఆవశ్యకమని హఠాత్తుగా గ్రహించిరి. మరుసటియేడే ప్రభుత్వము సిగ్గుపడి ఎస్‌యూవీలకు ఆ మినహాయింపును 25 వేల డాలర్లకు కుదించెను.

దీని ఫలితమును ఆ ట్రక్కుల ఆకారమే చాటుచున్నది. తొలినాళ్ల ఎఫ్-150లో పొడవున దాదాపు మూడింట రెండువంతులు సరుకు వేయు తొట్టి, తక్కినది మనుష్యులు కూర్చుండు గది. నేటి నాలుగుతలుపుల రకములో ఆ నిష్పత్తి సరిగా తలక్రిందులైనది. బరువు పెరిగినది, ముక్కు ఎత్తు పెరిగినది, తొట్టి మాత్రము తగ్గినది. జపానుదేశపు రైతు 660 సీసీ ఇంజనుతో, మూడు మీటర్ల నలువది సెంటీమీటర్ల పొడవునకు మించని చిట్టిట్రక్కుమీద 350 కిలోల బరువు నెక్కించుకొని తన పొలముగట్లమీద తిరుగుచున్నాడు. పనికి బండి యెంత కావలెనో తెలిసికొనుటకు అతనిని అడుగుట మంచిది.

ఇక ఖర్చు ఖాతాలో మొదటిదియు బరువైనదియు ప్రాణములు. పెద్దబండి భద్రమైనదను నమ్మకమునకు ఆధారము లేకపోలేదు. రెండు వాహనములు ఢీకొన్నప్పుడు బరువైనదానిలోని వారికి దెబ్బ తక్కువ తగులుట భౌతికశాస్త్రధర్మము. అయితే ఒకప్పుడు ఎత్తైన ఎస్‌యూవీలు సులభముగా బోల్తాపడుచుండెడివి. 2000 సంవత్సరమున ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనముల ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడి, బండ్లు బోల్తాపడి పలువురు మరణింపగా 65 లక్షల టైర్లను వెనుకకు తీసికొనవలసివచ్చెను. పిమ్మట బండి జారిపోకుండ కాపాడు ఎలక్ట్రానిక్ స్థిరత్వయంత్రము 2012 మోడళ్లనుండి ఆ దేశమున నిర్బంధమగుటతో ఆ లోపము చాలవరకు తీరినది. కావున నేటి ఎస్‌యూవీ లోపలివానికి ప్రమాదకరమైనదని పాతపాటనే పాడు విమర్శకుడు కాలముతో నడచుట లేదు. కాని లోపలివాని భద్రత ఎచ్చటినుండి వచ్చుచున్నది? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆర్థికవేత్తలు ఆండర్సన్, ఆఫ్‌హామర్ 2014లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఢీకొట్టు వాహనము వేయి పౌండ్లు అధికముగా నున్నచో ఎదుటివాహనమున మరణించు అవకాశము దాదాపు 47 శాతము పెరుగుచున్నది. అనగా ఆ భద్రతలో కొంతభాగము కర్మాగారమున తయారైనది కాదు, ఎదుటివాని యొద్దనుండి తీసికొన్నది. ఎదుటివాడును ఆ భయముచేతనే పెద్దబండి కొనును, మొదటివాడు మరింత పెద్దది కొనును. ఇరువురును సొమ్ము వెచ్చించిన పిమ్మట ఇరువురి రక్షణయు మొదటి మెట్టుననే యుండును. బీమాకంపెనీల పోషణలో నడచు అమెరికా రహదారి భద్రతాసంస్థ సైతము, సగటు మించిన బరువు లోపలివారికి అదనముగా కలిగించు మేలు అత్యల్పమనియు, వెలుపలివారికి కలిగించు కీడు మాత్రము పెరుగుచునే యుండుననియు 2025లో తేల్చిచెప్పినది.

కార్లలోని వారికి కనీసము ఇనుపగోడ యున్నది, నడచువానికి అదియు లేదు. పల్లపు ముక్కుగల కారు తగిలినప్పుడు మనిషి కాళ్లకు దెబ్బతగిలి బానెట్‌మీదికి ఒరగును. నిలువుగోడవంటి ముక్కు తగిలినప్పుడు దెబ్బ నేరుగా రొమ్మునకో తలకో తగిలి, మనిషి చక్రములముందు నేలగూలును. ఆ రహదారి భద్రతాసంస్థయే సుమారు 18 వేల పాదచారి ప్రమాదములను పరిశీలించి, నలువది అంగుళములకు మించిన ఎత్తుగల ముక్కు వాహనములు, ముప్పది అంగుళములలోపు ఏటవాలు ముక్కుగల వాటికంటె 45 శాతము అధికముగా ప్రాణాంతకములని 2023లో వెల్లడించినది. అమెరికాలో 2009లో నాలుగువేల పైచిలుకు పాదచారులు మరణింపగా, 2022 నాటికి ఆ సంఖ్య ఏడున్నర వేలకు చేరినది. దీనికంతకును పెద్దబండియే కారణమనుట న్యాయము కాదు. వేగము, చీకటి, ఫోన్లు, వీధుల నిర్మాణము అన్నిటికిని పాలున్నది. అయినను పొట్టిపిల్లవాడు ముక్కుముందు నిలిచినచో డ్రైవరుకు కనబడనంత ఎత్తుగా బండిని నిర్మించుటను సమర్థించు కారణమేదియు నాకు తోచుట లేదు. వెనుకకు చూచు కెమెరాను 2018లో ఆ దేశము నిర్బంధము చేసినది. ముందరి గుడ్డిచోటునకు అట్టి నిర్బంధము లేదు.

మన దేశమున ఈ విషయము మరింత తీవ్రమైనది. 2022లో మన రహదారులమీద మరణించిన 1,68,491 మందిలో ద్విచక్రవాహనములమీది వారు నూటికి 44 మందికి పైగా, నడచువారు 19 మందికి పైగా. అనగా దాదాపు మూడింట రెండువంతుల మంది ఏ లోహకవచమును లేనివారే. పాదచారిబాట లేని వీధిలో, పాలక్యానులు కట్టిన మోపెడ్లనడుమ, రెండుటన్నుల ఫార్చ్యూనరును నడపువాడు అమెరికావాని కంటె ఎన్నోరెట్లు అధికమైన బాధ్యతను చక్రమువద్ద వహించుచున్నాడు. అతనికా స్పృహ యుండవలెనని శాసనములు కొంత ప్రయత్నించినవి. 2012లో సుప్రీంకోర్టు అద్దములకు నల్లని ఫిల్ములంటించుటను నిషేధించినది, 2017లో కేంద్రప్రభుత్వము ముందర బిగించు ఇనుపకమ్ముల బుల్‌బార్లను చట్టవిరుద్ధములుగా ప్రకటించినది. రెండును నేటికిని మన జిల్లాకేంద్రములలో, ముఖ్యముగా పార్టీజెండాలు కట్టిన బండ్లకు, నిరాటంకముగా కనబడుచునే యున్నవి.

పెద్దదియే గట్టిది అను నమ్మకమును మన యనుభవమే ఖండించినది. కార్లను ఢీకొట్టించి భద్రతను ఐదు నక్షత్రములకు లెక్కించు గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2016లో పరీక్షించినప్పుడు గాలిసంచులులేని స్కార్పియోకు ఒక్క నక్షత్రమైనను రాలేదు. 2018లో నాలుగుమీటర్ల లోపు పొడవుగల నెక్సాను కారునకు ఐదు నక్షత్రములు వచ్చినవి. 2022లో క్రొత్త స్కార్పియో-ఎన్ కూడ ఐదు సంపాదించినది. మారినది పరిమాణము కాదు, చట్రపు నిర్మాణమును గాలిసంచులును. 2023 అక్టోబరునుండి నడుచుచున్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు పెద్దవారికొకటి, పిల్లలకొకటిగా రెండు శ్రేణులు ప్రకటించుచున్నవి గాని, రెండును లోపల కూర్చున్నవారికే.

ధనము, ఇంధనముల సంగతి త్వరగా ముగింపవచ్చును. మధ్యతరహా కారుకంటె ఎస్‌యూవీ సగటున 200 నుండి 300 కిలోలు బరువెక్కువ, కర్బనవాయువు ఇరువదిశాతము అధికము. ప్రపంచములోని ఎస్‌యూవీలన్నియు కలిసి ఒక దేశమైనచో కర్బన విసర్జనలో అది ఐదవస్థానము నాక్రమించునని అంతర్జాతీయ ఇంధనసంస్థ చెప్పుచున్నది. టైర్లు, బీమా, జీవితపన్ను అన్నియు ఆ మేరకు పెరుగును. అయితే ఫార్చ్యూనరు, ఇన్నోవాలవంటి వానికి తిరిగి అమ్మునపుడు పలుకు ధరలో కొంత పూడివచ్చును. విద్యుత్తుతో నడచినచో దోషమంతయు పోవుననువారికి హమ్మర్ విద్యుద్వాహనమును చూపవలెను. దాని తూనిక నాలుగు టన్నులకు పైన, అందు బ్యాటరీయే సుమారు 1,300 కిలోలు, ఒక సామాన్యపు కారంత. పొగ లేదు, కాని ఢీకొన్నప్పుడు బరువు బరువే. ఇక పెద్దకార్లవలన రోడ్లు పాడగుచున్నవను ఫిర్యాదులో బలము తక్కువ. 1958-60 నడుమ ఇలినాయ్ రాష్ట్రమున జరిగిన రహదారి పరీక్షలవలన ఇరుసుబరువు రెట్టింపైనచో రోడ్డునకు నష్టము సుమారు పదునారురెట్లగునని తెలిసినమాట నిజమే. కాని ఆ లెక్కన నిండులారీముందు ఏ ఎస్‌యూవీయు లెక్కలోనికి రాదు. న్యాయమైన ఆరోపణలే కావలసినన్ని యుండగా బలహీనమైనవానిని చేర్చుట వాదమునకు హాని.

ఈ పరిశ్రమమీద బ్రతుకు వారిని మరచుటయు తగదు. కరవునేలయగు అనంతపురం సీమలో పెనుకొండవద్ద కియా కర్మాగారము 2019లో సెల్టోస్ ఎస్‌యూవీతోనే ఉత్పత్తి ప్రారంభించి, ఏటికి మూడులక్షల వాహనముల శక్తిగల కేంద్రముగా నిలిచి, ఆ ప్రాంతపు యువకులకు ఉపాధి చూపినది. వాహనములు తగ్గవలెనని నేననుట లేదు, కొలత సరిగా నుండవలెననుచున్నాను. మన ప్రభుత్వము 2006లో నాలుగుమీటర్ల లోపు చిన్నకార్లకు ఎక్సైజు తగ్గించగా, కంపెనీలు ముక్కును తోకను కుదించి ఎత్తును మాత్రము పెంచి ఆ కొలతలోనే ఎస్‌యూవీలు సృష్టించినవి. అమెరికాలో ట్రక్కులకు జరిగినదే ఇచ్చట మరియొక రూపమున జరిగినది. 2014 అక్టోబరువరకు డీజిలుకు ప్రజాధనముతో రాయితీ నిచ్చి ధనికుల పెద్దబండ్లను గూడ పోషించితిమి. 2025 సెప్టెంబరున జీఎస్టీ మార్పులలో పెద్ద ఎస్‌యూవీల మొత్తపు పన్ను 50 శాతమునుండి 40కి తగ్గినది. కొలమానము నేటికిని ముఖ్యముగా పొడవును, ఇంజను పరిమాణమునే గాని బరువు కాదు. విద్యుద్వాహనమైనచో ఎన్ని టన్నులు తూగినను 5 శాతమే.

బరువునే కొలిచిన దేశములు లేకపోలేదు. ఫ్రాన్సు 2022లో 1,800 కిలోలు దాటిన కార్లపై కిలో ఒక్కింటికి 10 యూరోలు చొప్పున పన్ను విధించి, 2024లో ఆ హద్దును 1,600 కిలోలకు దించినది. పారిస్ నగరము 2024 ఫిబ్రవరిలో ప్రజాభిప్రాయము సేకరించి భారీవాహనముల పార్కింగు రుసుమును నగరమధ్యమున గంటకు 18 యూరోలు చేసినది. ఓటువేసినవారు నూటికి ఆరుగురైనను లేరన్నమాటయు చెప్పవలసియున్నది. పన్నేగాక బండ్ల నిర్మాణములోను మార్పు సాధ్యమేననుటకు అమెరికాయే సాక్షి. 2003లో కంపెనీలు తమలో తామొప్పుకొని ట్రక్కుల ముందరి దూలములను కార్ల బంపరు ఎత్తునకు దించగా, అవి ఢీకొన్న కార్లలో మరణములు స్పష్టముగా తగ్గినవి.

కావున మోయుటకు బరువో, నడచుటకు మట్టిదారియో, కూర్చుండుటకు ఏడుగురో ఉన్నవారు నిస్సందేహముగా పెద్దబండి కొనవచ్చును. ఇంటినుండి ఆఫీసుకు ఒక్కడే పోవువాడు కొనరాదని శాసింప నెవ్వరికిని హక్కులేదు గాని, దానివలన ఇతరులకు కలుగు ఖర్చును అతడే చెల్లింపవలెను. జీఎస్టీ మండలి పొడవుతోపాటు బరువును, బానెట్ ఎత్తును పన్నునకు కొలమానముగా గ్రహింపవలెను. భారత్ ఎన్‌క్యాప్ నడచువారికొక నక్షత్రశ్రేణిని వేరుగా ప్రకటింపవలెను. కొనదలచిన పాఠకులు షోరూములో మైలేజీ అడుగునప్పుడే బండి తూనికయెంతయో, ముక్కుముందు ఎంతదూరమువరకు నేల కనబడదో గూడ అడిగి తెలిసికొనగోరుచున్నాను.